గళ్ళకోటు మీద వంకర

రఫ్ఫక్కకు కళ్ళు నెత్తికెక్కాయని వీధి వీధంతా అనుకునేది. అనుకోదూ మరి! ఎదురుగా వచ్చే మనిషి వైపు గుడ్లప్పగించి చూస్తూనే వస్తుంది, తీరా ఆ మనిషి నవ్వి పలకరించబోయేసరికి కరెంటు స్తంభాన్ని దాటినట్టు దాటిపోతుంది. ఒకసారైతే పరధ్యానం అనుకుంటారు. రెండోసారి ఏదో చిరాకులో ఉంది కాబోలు అని సరిపెట్టుకుంటారు. ఏళ్ళ తరబడి అదే వరసైతే ఎవరు మాత్రం ఎందుకు పడతారు? మందులషాపాయన పలకరించడం మానేశాడు. పై వాటాలో ఉండే టీచరమ్మ మానేసింది. ఊళ్ళో అందరితో వరసలు కలుపుకునే పాలావిడ కూడా చివరికి గిన్నె గడపలో పెట్టి మాట్లాడకుండా వెళ్ళిపోవడం మొదలుపెట్టింది. ఇక ఆమెను పలకరించేవి వీధికుక్కలే. అవి కాళ్ళ దాకా వస్తాయి గనుక ఆమెకు తెలిసేవి, ఆమె కూడా వాటితో మర్యాదగానే మాట్లాడేది.

అసలు సంగతేమిటంటే, ఆమెకు కనపడదు. సోడాబుడ్డి అద్దాలు పెట్టుకున్నాక కూడా నాలుగడుగుల అవతల ఉన్న మనిషికి మొహం ఉండదు. బట్టల రంగు ఉంటుంది, నడక ఉంటుంది, ముక్కూ మూతీ మాత్రం ఉండవు. పైగా అంత మందం అద్దాల్లోంచి చూస్తే లోకమంతా చిక్కి చిన్నదైపోయి, తనతో పని లేకుండా ఎక్కడో జరిగిపోతున్నట్టుంటుంది. కొన్నాళ్ళు ఎందుకైనా మంచిదని ఎదురొచ్చిన ప్రతి నీడకూ నవ్వి చూసింది. ఒకరోజు ఎవరో మగమనిషి ఆ నవ్వు పట్టుకుని వీధి చివరిదాకా వెంటపడ్డాడు. దాంతో నవ్వడం కూడా మానుకుంది. చిన్నప్పటినుంచి ఏటేటా అద్దం మందమవుతూనే వచ్చింది. చివరికి అద్దాలషాపాయన, "ఇంక పవర్ పెంచి లాభం లేదమ్మా, లోపల కంటిపొరే పలచబడిపోయింది, ఓసారి పెద్ద డాక్టరుకు చూపించుకోండి," అని చేతులెత్తేశాడు. ఆ మాట ఆమె కడుపులోనే దాచుకుంది. చెబితే బతుకుతెరువు పోదూ? చూపు లేని మనిషి చేతిలో ఖరీదైన కోటు ఎవరు పెడతారు చెప్పండి!

కానీ చోద్యం ఏమిటంటే, ఆ పనికి ఆమె కన్నును మించిన కన్ను లేదు. డ్రైక్లీనింగ్ షాపు వెనకగదిలో ఆమె చేసేది రఫ్ఫు. రఫ్ఫంటే పైన గుడ్డముక్క వేసి అతుకు కుట్టడం కాదు. చిరిగిన బట్ట లోపలి మడతలోంచే దారాలు లాగి, చిల్లు పడినచోట మళ్ళీ పడుగూ పేకా కలిపి నేయడం. నేశాక చిల్లు ఎక్కడుండేదో బట్ట సొంతదారు కూడా వేలు పెట్టి చూపించలేకపోవాలి. అద్దాలు తీసి పక్కన పెట్టి, బట్టను ముక్కుకు ఆనేంత దగ్గరకు తెచ్చుకుంటే, మనకు మసకగా అలుక్కుపోయే దారాలు ఆమెకు తాళ్ళలా విడివిడిగా కనపడతాయి. అంత దగ్గర్లో రెండు కళ్ళూ ఒకచోట కుదరవు గనుక ఎడమ కన్ను మూసేసి కుడి కంటితోనే చేస్తుంది. ఆ పనిలో చేరిన నాటినుంచీ అంతే. కష్టమంతా కుడి కంటిది, ఎడమ కన్ను ఊరికే కూర్చుని తింటోంది అని తనలో తనే నవ్వుకునేది. ఆ ముక్కుకొస దూరంలో ఉన్నదే ఆమె లోకం. అక్కడ అన్నీ స్పష్టంగా ఉంటాయి, కాకపోతే మనుషులెవరూ అంత దగ్గరకు రారు.

ఒకప్పుడు ఒకడు వచ్చేవాడు. తమ్ముడు. అమ్మ పోయేనాటికి వాడికి మాటలు కూడా సరిగా రాలేదు, ఆ వెనకే నాన్న కూడా పోతే ఆమే అమ్మయింది, ఆమే నాన్నయింది. రోజూ వాడిని ఎత్తుకుని, వాడి మొహం తన మొహానికి ఆనించుకుని, కనురెప్పల వెంట్రుకలు లెక్కపెట్టేది. వాడి ఐదారేళ్ళ వయసులో ఒకరోజు ఇద్దరూ రోడ్డు దాటుతుంటే లారీ హారన్ కొట్టింది. వాడు ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుని, "అక్కా, నీకు లారీ కనపళ్ళేదా? మనం చచ్చిపోతామా?" అని ఒకటే ఏడుపు. "ఛ, అదేం మాటరా! అద్దాలు పెట్టుకుంటే నావి డేగకళ్ళు. ఆ చివర ఇంటిమీద కాకి ఎగిరినా కనపడుతుంది," అని చెప్పింది. వాడు నమ్మాడు. నమ్మి పెద్దవాడయ్యాడు. ఆ అబద్ధాన్ని మళ్ళీ వెనక్కి తీసుకునే అవసరం ఆమెకు ఎప్పుడూ రాలేదు.

పెళ్ళి దగ్గర ఇద్దరికీ చెడింది. చదువు మధ్యలో మానేసి పెళ్ళి చేసుకుంటానని వాడు, చదువయ్యాక చూద్దామని ఆమె. ఆమె అన్న మాటల్లో కొన్ని అనకూడనివే. వాడు ఆ సాయంత్రమే పెట్టె సర్దుకుని, వెళ్ళేముందు చిలక్కొయ్యకున్న నాన్న గళ్ళకోటు కూడా తీసుకుని వెళ్ళిపోయాడు. రెండు రోజుల్లో వస్తాడనుకుంది. పండగకొస్తాడనుకుంది. బిడ్డ పుడితే చెప్పడానికైనా వస్తాడనుకుంది. రాలేదు. పనినుంచి ఇంటికొచ్చి, ఒక్క ప్లేటూ కడుక్కుని, రేడియో పెట్టుకుని తలుపు చప్పుడు కోసం వింటూ కూర్చునేది. ఒంటరిగా ఉండే మనిషికి తలుపు చప్పుడు ఎంత పెద్దగా వినిపిస్తుందో, అది రాకపోతే ఆ ఇల్లు ఎలా ఉంటుందో వేరే చెప్పాలా?

ఇలా ఉండగా బట్టల్లో ఏదో తేడా మొదలైంది. మొదట నల్లటి దారపు తునక ఒకటి బట్టమీద కనపడింది. సూదిమొనతో తీయబోతే పక్కకు జరిగింది. మళ్ళీ తీయబోతే మళ్ళీ జరిగింది. అరగంట దాంతో కుస్తీ పట్టాక అది బట్టమీద లేదని, తన కంట్లోనే ఈదుతోందని అర్థమైంది. పోనీలే, దాని దారిన అది ఈదుతుంది అనుకుంది. ఆ తర్వాత చీకట్లో తల తిప్పితే కంటి మూల మెరుపులు. పైన వాటాలో ఏదో వైరు పాడైందనుకుని వాళ్ళమీద విసుక్కుంది. ఆ తర్వాత బట్టలే వంకరపోవడం మొదలైంది. గళ్ళబట్ట చేతిలోకి తీసుకుంటే, చూస్తున్నచోట గీతలు నడుం వంచినట్టు వంగి ఉంటున్నాయి. ఆమెకు ఒళ్ళు మండింది. నేరుగా ఇస్త్రీ ఆయన మీదకు వెళ్ళింది.

"తడి బట్టను లాగి లాగి ఇస్త్రీ చేస్తున్నావా ఏంటయ్యా? పడుగంతా పక్కకు పోతోంది!"

"నేనెందుకు లాగుతానక్కా? బట్టతో నాకేమన్నా పాత పగలా?" అన్నాడతను.

"ఆఁ, బట్ట దానంతటదే వంకరపోయింది మరి!"

అతను గొణుక్కుంటూ ఊరుకున్నాడు. ఆమె మాత్రం వంగిన గీతల్ని తన రఫ్ఫులో జాగ్రత్తగా సరిచేసుకుంటూ పోయింది. ఒకరిద్దరు బట్టలు వెనక్కి తెచ్చి, కుట్టినచోట గళ్ళు కలవలేదన్నారు. కౌంటర్లో కూర్చునే ఆవిడ సర్దిచెప్పి పంపింది. "వాళ్ళ బట్టే వంకర. నా రఫ్ఫు ఒక్కటే అందులో తిన్నగా ఉంది," అంది రఫ్ఫక్క. నిజంగానే ఆమెకు అలాగే కనపడింది.

అలాంటి రోజుల్లో ఒక మధ్యాహ్నం కౌంటరావిడ ఒక కోటు తెచ్చి ఆమె ఒళ్ళో పడేసింది. "అక్కా, జేబు కింద చిమ్మటలు కొట్టేశాయి. శనివారానికి కావాలంట," అని వెళ్ళిపోయింది.

చేతికి తగలగానే రఫ్ఫక్క దాన్ని తడిమి చూసింది. ఆ ఉన్ని గరుకు, ఎడమ చంక కింద చిన్నప్పుడు తనే నేర్చుకుంటూ వేసిన మొదటి రఫ్ఫు తాలూకు గట్టిదనం. నాన్న కోటు! లేచి కౌంటరు దగ్గరకు పరిగెత్తబోయి తలుపుకు గుద్దుకుంది. "ఎవరిచ్చారు? ఉన్నాడా?" అని అడిగింది. ఎవరో సన్నగా, పొడుగ్గా ఉన్న మనిషి, ఇచ్చి కాసేపు నిలబడి వెళ్ళిపోయాడని చెప్పిందావిడ.

వచ్చాడు. వెనకగదిలో తను ఉంటుందని తెలిసీ, లోపలికి రాకుండా వెళ్ళిపోయాడు. అయినా వచ్చాడు కదా! ఊళ్ళో ఇంకెవరూ రఫ్ఫు చేసేవాళ్ళు లేనట్టు ఇక్కడికే తెచ్చాడు కదా! ఆమె కళ్ళు తుడుచుకుంది, మళ్ళీ తుడుచుకుంది, ముక్కు చీది పనిలో కూర్చుంది. నోటితో చెప్పలేని మాట ఉంటే చేత్తో చెప్పొచ్చు. ఆ చిల్లు ఎక్కడుండేదో వాడికే తెలియకుండా చేస్తే, వాడు కోటు తొడుక్కుని, తడిమి చూసుకుని, ఇది అక్క తప్ప ఇంకెవరూ చేయలేరని తలుపు తోసుకుని వస్తాడు. అదీ ఆమె లెక్క. ఆ లెక్కమీదే బతుకంతా పెట్టుకుంది.

వేరే పనులన్నీ పక్కన పెట్టేసింది. అంచు మడత విప్పి ఒక్కొక్క దారమే లాగింది. గోధుమరంగు గళ్ళ మధ్య సన్నటి ఎర్రగీత. అదే కష్టం, అది ఒక్క దారం జరిగినా దొరికిపోతుంది. ఎర్రగీత ఆమె కంటికి జేబు కింద మెలిక తిరిగి ఉంది. పాత కోటు, ఒళ్ళు విరుచుకుని విరుచుకుని వంకరపోయి ఉంటుందిలే పాపం అనుకుని, దారం దారం లెక్కచూసి, మెలిక తీసి తిన్నగా దింపింది. సూది గుచ్చుకుని వేలు పుండైంది. శుక్రవారం సాయంత్రానికి దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని చూసుకుంటే, కోటంతా వంకరే గానీ ఆ బెత్తెడు జాగా మాత్రం స్కేలు పెట్టి గీసినట్టుంది. ఇంత మంచి పని ఇంతకు ముందెన్నడూ చేయలేదని మురిసిపోయింది.

శనివారం ఉన్నదాంట్లో మంచి చీర కట్టుకుని వచ్చింది. పొద్దుటినుంచి కుర్చీ అంచున కూర్చుంది. కౌంటరు దగ్గర గొంతు వినపడింది. ఎన్నేళ్ళయినా పోల్చుకుంది. కాగితం సంచి చప్పుడు. కాసేపు ఏ చప్పుడూ లేదు. తర్వాత అడుగులు వెనకగదివైపు వచ్చాయి. ఆమె లేచి నిలబడింది. లెక్క తప్పలేదు, వాడు వచ్చాడు!

తలుపు గోడకు కొట్టుకునేట్టు తోశాడు. "ఇంత కసి ఎందుకక్కా నామీద?" అన్నాడు.

ఆమె ఆ గొంతు వైపు తిరిగింది.

"రాకూడదని తెలుసు. కానీ చిల్లు పడ్డాక ఈ కోటు ఇంకెవరి చేతిలోనూ పెట్టబుద్ధి కాలేదు. గుర్తుపట్టి నువ్వే పిలుస్తావనుకున్నా. పిలవకపోతే పోనీ, బాగు చేసి ఇవ్వొచ్చుగా? ఎంత శ్రద్ధగా పాడుచేశావ్! ఎర్రగీత చూడు, పాములా మెలిక తిరిగింది. చేతకాక చేసుంటే బాధలేదు. ఊళ్ళో నిన్ను మించినవాళ్ళు లేరు. కావాలని చేశావ్."

"ఏం మాట్లాడుతున్నావురా? తిన్నగా ఉందది! కోటే వంకర, నేను చేసిందొక్కటే..."

"కోటు వంకరా?" వాడు కోటు తెచ్చి బల్లమీద పరిచాడు. "సరే, చూసి చెప్పు."

ఆమె అద్దాలు తీసి వంగింది. కుడి కంటికి అంతా నిన్నటిలాగే ఉంది. కోటు వంకర, రఫ్ఫు తిన్నన. అదే మాట చెప్పబోయి తల ఎత్తబోతుంటే కంట్లో నీళ్ళు నిండి కుడి కన్ను మంట పుట్టింది. దాన్ని అరచేత్తో నొక్కిపట్టుకుని, ఎన్నడూ లేనిది, ఎడమ కన్ను తెరిచి బట్టమీద ఆనించింది.

కోటు తిన్నగా ఉంది. మడత నుంచి మడత దాకా గళ్ళన్నీ బుద్ధిగా, నేసినవాడు నేసినట్టే ఉన్నాయి. జేబు కింద బెత్తెడు మేర మాత్రం ఎర్రగీత మెలిక తిరిగి, తాగినవాడి నడకలా పడుతూ లేస్తూ పోయింది. చెయ్యి తీసి కుడి కంటితో చూసింది. మళ్ళీ ఎడమ కంటితో చూసింది. ఇస్త్రీ ఆయన గుర్తొచ్చాడు. వెనక్కి వచ్చిన బట్టలన్నీ గుర్తొచ్చాయి. కుర్చీలో కూలబడింది.

వాడు కోటు మడిచి సంచిలో పెట్టుకుంటున్నాడు. ఇప్పుడు వెళ్తే ఇక రాడు. అది ఆమెకు తెలుసు. ఇంకోమాట కూడా తెలుసు. అసలు సంగతి చెబితే, ముందుగదిలో కౌంటరావిడ వింటుంది, సాయంత్రానికి షాపాయన చెవిన పడుతుంది, రేపటినుంచి ఈ కుర్చీ కూడా ఉండదు. ఆమెకు ఈ లోకంలో ఉన్నది ఆ రెండే.

"నాకు కనపడట్లేదురా," అంది.

వాడు ఆగాడు. "అద్దాలు మార్చుకో."

"అద్దాలది కాదు. నాకు ఎప్పుడూ కనపడలేదు. అద్దాలున్నా కనపడదు. ఇప్పుడు నువ్వక్కడ నిలబడ్డావా, నీకు మొహం లేదు. చొక్కా నీలం. అంతే. చిన్నప్పుడు నువ్వు ఏడుస్తున్నావని అబద్ధం చెప్పాన్రా. ఇప్పుడీ దగ్గర చూపు కూడా పోయింది."

వాడు సంచి బల్లమీద పెట్టాడు. మాట్లాడినప్పుడు ఆ గొంతు ఐదారేళ్ళ పిల్లాడిదిలా ఉంది. "పెళ్ళయిన వారానికి నీ దగ్గరకొచ్చాం. ఆ అమ్మాయీ నేనూ. ఇదే వీధిలో, అవతలి ఫుట్‌పాత్ మీద నిలబడ్డాం. నువ్వు షాపులోంచి బయటికొచ్చి నేరుగా మావైపే చూశావ్. నేను దణ్ణం పెట్టాను. ఇద్దరం పెట్టాం. నువ్వు చూసి చూసి తల తిప్పుకుని వెళ్ళిపోయావ్."

"ఎప్పుడు?" అంది ఆమె. "ఎప్పుడొచ్చావురా? నువ్వు రానేలేదు కదా!"

ముందుగదిలో కౌంటరావిడ ముక్కు చీదుకున్న చప్పుడు వినపడింది.

వాడు ఆ రోజే ఆమెను కంటి ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. చుక్కలు వేసి, కంటిపాప పెద్దదయ్యాక ఏవేవో యంత్రాల ముందు గడ్డం ఆనించి కూర్చోబెట్టారు. డాక్టరమ్మ గళ్ళు గీసిన చిన్న కాగితం చేతికిచ్చి, మధ్యనున్న చుక్కనే చూస్తూ ఎక్కడ వంకరుందో చూపించమంది. రఫ్ఫక్క వేలితో కాగితం మీద గీసి చూపించింది. అచ్చం కోటు మీద ఉన్న మెలికే, కాకపోతే అటుది ఇటు.

"కంటిగుడ్డు గుండ్రంగా ఉండాలమ్మా. మీది వెనక్కి సాగిపోయి కోడిగుడ్డులా ఉంది," అంది డాక్టరమ్మ. "గుడ్డు సాగితే లోపల అంటుకుని ఉండే రెటీనా పొర కూడా సాగాలిగా. కొత్త పొరేమీ పుట్టదు, ఉన్నదే పలచబడుతుంది."

"మోచేతి దగ్గర స్వెటర్ సాగి పలచబడ్డట్టా?"

"అదే. సాగి సాగి, సరిగ్గా చూపు నిలిచేచోట కింది పొర చిట్లింది. ఆ చీలికలోంచి పనికిమాలిన రక్తనాళాలు పెరిగి నీరు కారుతోంది. పైన వరసగా ఉండాల్సిన కణాలు ఆ ఉబ్బుకు పక్కకు జరిగాయి. అవి జరిగితే గీత జరిగినట్టు మీకు కనపడుతుంది. అద్దాలు వెలుగును పొరమీదకు తెస్తాయి అంతే, పొరను బాగుచేయవు. అంచుల్లో కూడా చిన్న చిల్లులున్నాయి, ఆ మెరుపులు వాటివల్లే. వాటి చుట్టూ లేజర్ వేద్దాం. మధ్యలో కారుతున్నదానికి కంట్లో ఇంజెక్షన్లు ఇస్తాం. ఉన్న చూపు నిలబడొచ్చు. పోయిందంతా వస్తుందని మాత్రం చెప్పను."

"పోయినచోట మళ్ళీ నేయడం లేదా డాక్టరమ్మా?"

"లేదమ్మా. ఇంకా ఎవరికీ చేతకాలేదు."

రఫ్ఫక్క తల పంకించింది. ఆ జవాబు ఆమెకు నచ్చింది, లేనిది లేదని చెప్పే మనిషి దొరికినందుకు. ఇక కుడి కన్ను పని అయిపోయినట్టేనని, ఇన్నాళ్ళూ కూర్చుని తిన్న ఎడమ కన్నుకు ఈ వయసులో పని నేర్పాలని అనుకుంది. నేర్చుకుంటుందో లేదో! కానీ పక్క కుర్చీలో తమ్ముడు ఉన్నాడు. వాడి మోకాలు తన మోకాలికి తగులుతోంది. ఆ ఒక్కదానికి ఎంత కన్నయినా ఇచ్చెయ్యొచ్చనిపించింది.

డాక్టరమ్మ తమ్ముడి వైపు తిరిగింది. "ఇది చాలావరకు కుటుంబాల్లో వస్తుంది. మీ కళ్ళు బాగానే ఉన్నాయి గానీ, ఇంట్లో పిల్లలెవరైనా ఉన్నారా? పుస్తకం ముక్కుకు ఆనించుకుని చదవడం, టీవీకి అతుక్కుపోవడం, దూరంగా ఉన్నవాళ్ళను గుర్తుపట్టకపోవడం, అలాంటివేమైనా గమనించారా?"

వాడి మోకాలు పక్కకు జరిగింది.

"పాప ఉంది," అన్నాడు.

"నీకు పాపుందా?" అంది రఫ్ఫక్క. ఇన్నేళ్ళు తనకొక మేనకోడలుందని తెలియకుండానే ఆ ఒక్క ప్లేటూ కడుక్కుంటూ కూర్చుందన్నమాట. "ఎంతుంటుంది? నీ పోలికా?"

"నీ పోలిక," అన్నాడు. "రెండో క్లాసు. పుస్తకం మొహాన పెట్టుకునే ఉంటుంది. బయట ఎవరెదురొచ్చినా గుడ్లప్పగించి చూస్తుంది, పలకరించదు. మొన్న వాళ్ళ తాతయ్య, మా మామగారు, గేటు దగ్గర చేతులు చాపి నిలబడితే పక్కనుంచి వెళ్ళిపోయింది. అందరిముందూ తల కొట్టేసినట్టయింది నాకు. అంతా మేనత్త పొగరే వచ్చింది దీనికి, ఈ పొగరు ఇప్పుడే అణచాలి అని..."

డాక్టరమ్మ కాగితాలు సర్దుకుంటూ తల దించుకుంది.

"కొట్టావా?" అంది రఫ్ఫక్క.

వాడు తల ఊపాడు. చుక్కల మందుకు కళ్ళు రెండూ మసకేసి ఉన్న ఆమెకు పక్కన నీలం రంగు తప్ప ఏమీ కనపడలేదు.

"నోటితో చెప్పరా, నాకు కనపడదు," అంది.

"కొట్టానక్కా," అన్నాడు.